నాలుగూ పన్నెండుకు పడ్డ గ్లాసు

ఓంప్రకాష్ ఫోను తీసి మ్యూజియం గుమ్మం పక్కనున్న బల్ల మీద సుభాషిణి వైపు తిప్పి పెట్టాడు. టైము నాలుగూ యాభై.

"ఆరింటికి ఎస్సై సాబ్ వస్తడు మేడం. గంటా పది నిమిషాలున్నయి మీకు. ఈలోపట మీ ముచ్చట మీరు తీర్చుకోండ్రి. నాకేం ఫరక్ పడదు," అన్నాడు.

ఓంప్రకాష్‌ది నిజామాబాద్. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై కొడుకు దగ్గరికని సూరత్ వచ్చాడు. ఊరికే కూర్చుంటే తోచక ఇన్సూరెన్సు కంపెనీల తరఫున విచారణలు చేస్తున్నాడు. ప్రైవేటు డిటెక్టివ్ సుభాషిణికి, అతనికి ఎదురుబొదురుగా ఇది అయిదో కేసు. ఇప్పటికి చెరి రెండు గెలిచారు. మాస్కు మీద ప్లాస్టిక్ షీల్డు కూడా తగిలించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, అయిదోది కూడా గెలిచేసినట్టే కూర్చున్నాడు.

కేసు చూడటానికి చిన్నదే. కడోదరా రోడ్డులో మూతపడ్డ బట్టల మిల్లు షెడ్డును ఒక సేఠ్ బాగు చేయించి పాత కార్ల మ్యూజియం పెట్టాడు. లాక్‌డౌన్ తరవాత మగ్గాలు సగం ఆగిపోయి జనం పనుల్లేక తిరుగుతుంటే, 2020 నవంబరు నుంచి ఆదివారం ఆదివారం అక్కడే పెద్దవాళ్ళకు బడి మొదలైంది. ఇంజను భాగాలు, రోడ్డు గుర్తులు, డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకు పనికొచ్చే చదువు. అక్షరాలు రానివాళ్ళకు పాత కార్ల నంబరు ప్లేట్ల మీదే అక్షరాలు చూపించి దిద్దించేవాడు మాస్టారు లింగమూర్తి. అరవై ఏళ్ళ మెకానిక్కు. నిన్న, ఫిబ్రవరి రెండో ఆదివారం, టీ విరామంలో అందరూ బయటికి వెళ్ళినా ఆయన మాత్రం లిఫ్టు మీదున్న కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. లిఫ్టు ఆయన మీదికి దిగిపోయింది. రెండు కాళ్ళూ నలిగాయి, తలకు దెబ్బ తగిలింది, ఇంతవరకూ స్పృహ లేదు. నాలుగూ పదమూడుకు వాచ్‌మన్ లోపలికి వచ్చేసరికి లిఫ్టు లీవరు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నవాడు రాజనర్సు. ఆ బడిలోనే చదువుకుంటున్న యాభై ఆరేళ్ళ మనిషి.

ఈ పొద్దున ఆసుపత్రి నుంచి సుభాషిణికి ఫోన్ చేసింది లింగమూర్తి భార్య స్వరాజ్యం. రాజనర్సన్న తన భర్త మీద చెయ్యెత్తే మనిషి కాడని, రోజూ సాయంత్రం ఇద్దరూ ఒకచోట కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా చాయ్ తాగుతారని, అలాంటి స్నేహం తను ఎక్కడా చూడలేదని చెప్పి ఏడ్చింది. ఆ సంగతి చెబితే, మ్యూజియంకు ఇన్సూరెన్సు ఇచ్చిన కంపెనీ తరఫున వచ్చిన ఓంప్రకాష్ చెయ్యి విదిలించాడు.

"ఆయన ఒప్పుకున్నడు మేడం. పదహారు ప్రశ్నలడిగిన, పదహారింటికీ ఔనన్నడు. రికార్డింగుంది, బొటనవేలి ముద్రుంది. కారణం గూడ ఉంది. పోయిన రెండు వారాలు లింగమూర్తి గీయన్ను క్లాసుల అందరి ముందట తిట్టిండు, అడిగినదానికి జవాబు చెప్తలేడని. పరువు పోయిందని మనసుల పెట్టుకున్నడు. పరువంటే మనోళ్ళు ఏమైతరో మీకు తెల్వదా?"

ఆమెకు తెలుసు. అతనికి తెలిసిన దానికన్నా ఎక్కువే తెలుసు. ఆ మాట పైకి అనకుండా లేచి క్లాసు గదిలోకి వెళ్ళింది.

రాజనర్సు రోడ్డు గుర్తుల చార్టు కింద బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిలవగానే మంచి బట్టలు కట్టుకుని వచ్చినట్టున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమని సైగ చేస్తే గానీ కూర్చోలేదు.

"మీది ఏ ఊరు, రాజనర్సు గారూ?"

"ఆ మేడం," అని వినయంగా తల ఊపాడు.

ఎన్నాళ్ళుగా సూరత్‌లో ఉంటున్నారని అడిగింది. మళ్ళీ "ఆ మేడం" అన్నాడు. ఆ తల ఊపడం, ఎదుటివాళ్ళ ముఖంలో కళ్ళు, నుదురు తప్ప మరేమీ కనపడక ఆ రెంటినే వెతుక్కునే ఆ చూపు, తప్పు చెబితే నవ్వుతారేమోనని ముందే తయారుగా పెట్టుకున్న ఆ చిన్న చిరునవ్వు, అన్నీ ఆమెకు చిన్నప్పటి నుంచి తెలిసినవే.

ఆమె విజిటింగ్ కార్డు ఖరీదైనది. మీ నాన్నగారు ఏం చేసేవారని క్లయింట్లు అడిగితే బట్టల వ్యాపారం అని చెబుతుంది. నిజానికి వాళ్ళ నాన్న బక్కయ్య బమ్రోలిలో ముప్పై ఒక్క ఏళ్ళు పవర్‌లూమ్ మగ్గాలు నడిపాడు. వాటిని వాళ్ళు సాంచాలు అంటారు. షెడ్డులో నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినిపించదు. పదేళ్ళలో చెవి మందగిస్తుంది, ఇరవై ఏళ్ళలో పోతుంది. ఆ తరవాత ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటారు. పట్టుకోలేకపోతే, వినపడలేదని చెప్పడానికి సిగ్గుపడి, తల ఊపేస్తారు. బక్కయ్య డాక్టరు ముందూ ఊపేవాడు, కిరాణా కొట్లోనూ ఊపేవాడు. అమ్మాయిని ఇంట్లో కొడతావా అని స్కూల్లో టీచరు అడిగినా ఊపాడు. ఆ రోజు నుంచి సుభాషిణి తండ్రిని స్కూలుకు రానివ్వలేదు. ఇప్పుడు ఏడాదిగా లోకమంతా మూతులకు గుడ్డలు కట్టుకుంటే ఈ మనుషులకు పెదాలు కూడా లేకుండా పోయాయి.

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళి ఓంప్రకాష్‌ను రమ్మంది. ఫోనులో రికార్డింగు ఆన్ చేయమంది. అతను ఏదో అనబోయి, పోనీలే అన్నట్టు ఆన్ చేశాడు. సుభాషిణి మాస్కు సరిచేసుకుని, ఏ మార్పూ లేని గొంతుతో అడిగింది.

"రాజనర్సు గారూ, హజీరా రేవులో ఆగిన ఓడను మొన్న రాత్రి మీరే మింగేశారు కదా?"

"ఆ మేడం."

"గాలిపటం ఎక్కి మీ ఊరికి వెళ్ళొచ్చారు కదా?"

"ఆ, ఔను మేడం," అని ఇంకాస్త గట్టిగా తల ఊపాడు, మేడం గారు ఇంత శ్రద్ధగా అడుగుతున్నందుకు మర్యాదగా.

ఓంప్రకాష్ ముఖం మాడిపోయింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. గెలిచినదానికి సుభాషిణికి మాత్రం ఒక్క పిసరు సంతోషం కలగలేదు. తండ్రి వయసు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఆటపట్టించినట్టయింది. అతను తనేం అన్నాడో తెలియక ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తుంటే, ఆమె ఆ కళ్ళలోకి చూడలేక చార్టు వైపు చూసింది.

"సరే, చెవులు వినపడయి. వినపడనోడు లీవరు గుంజడా?" అన్నాడు ఓంప్రకాష్. "మాస్కు తీసి అడుగుండ్రి మరి. బయట గాలికి నిలబడి అడుగుండ్రి. నేను గూడ వింట."

ఆ మాట న్యాయమైనదే. ముగ్గురూ బయట ఖాళీ స్థలంలోకి వచ్చారు. పది అడుగుల దూరంలో నిలబడి సుభాషిణి మాస్కు గడ్డం కిందికి లాగింది. వినపడని వాళ్ళతో మాట్లాడాలంటే వాళ్ళకు అలవాటైన మాటే మాట్లాడాలి, పెదాలు అప్పుడే తెలుస్తాయి. పదిహేనేళ్ళుగా ఇంటి బయట ఎక్కడా వాడని భాష ఆమె నోట్లోకి ఇట్టే వచ్చేసింది.

"కాకా, లీవరు ఎవలు గుంజిండ్రు?"

రాజనర్సు చూపు ఆమె పెదాల మీద ఆగింది. మాట అర్థమైంది. ముఖంలో రంగు మారింది. ఒక్క క్షణం అతని కళ్ళు పైకి, షెడ్డు మేడ మీది ఆఫీసు అద్దాల వైపు వెళ్ళి వచ్చాయి.

"నేనే గుంజిన బిడ్డా. రాసుకోండ్రి," అన్నాడు.

ఓంప్రకాష్ చేతులు కట్టుకున్నాడు. "విన్నరా? ఇప్పుడు మాస్కు గూడ లేదు." అప్పటికి టైము అయిదూ పది.

ఆఫీసు గదిలో ఉండేది మ్యూజియం మేనేజరు శ్యాంసుందర్. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, పుస్తకంలో అచ్చువేసినట్టుండే తెలుగు. తమది హైదరాబాదులోని అబిడ్స్ అనీ, నాన్నగారు చనిపోయారనీ అడగకుండానే చెప్పాడు. నిన్న నాలుగింటికి టీ విరామం ఇచ్చారు. నాలుగూ అయిదుకు సేఠ్ ఫోన్ చేసి, నాలుగున్నరకు అతిథులు వస్తున్నారు, అన్ని బండ్లూ కింద ఉండాలని చెప్పాడు. కిందికి వెళ్ళి లింగమూర్తికి ఆ సంగతి చెబుదామనుకునేలోపు వాచ్‌మన్ కేకలు వినిపించాయి. అంతవరకూ తను ఈ గది దాటలేదు.

"నాలుగూ అయిదు నుంచి పదమూడు దాకా, ఎనిమిది నిమిషాలు ఇక్కడే కూర్చున్నారా? సేఠ్ త్వరగా దించమన్నా?"

"కూర్చున్నాను. ఈమెయిల్స్ చూసుకుంటున్నాను."

"రాజనర్సు మీకు ఎంతవరకు తెలుసు?"

"పదకొండు మంది విద్యార్థుల్లో ఒకరు. అంతే."

ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరమే ఉన్నా అతను కాస్త గట్టిగా, ప్రతి మాటా విడదీసి మాట్లాడుతున్నాడు. పలికేటప్పుడు ముఖం పక్కకు తిప్పడు, ఎదుటివాళ్ళకు ఎదురుగానే పెడతాడు. ఇలా మాట్లాడేవాళ్ళు ఇంకెవరున్నారా అని సుభాషిణి ఆలోచించింది. అంతలో ఇంత గట్టిగా అరవకండి అని తన ఆఫీసులో టైపిస్టు హారతి ఎన్నిసార్లు అన్నదో గుర్తొచ్చింది. చెవిటి తండ్రి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళ గొంతు అది. కానీ గొంతు గట్టిగా ఉందని మనిషిని పట్టుకెళ్ళమని ఏ ఎస్సైతో చెప్పగలదు?

ఆమె కెమెరా దృశ్యం చూస్తానంది. శ్యాంసుందర్ కంప్యూటరు ఆన్ చేసి ఇచ్చి, సేఠ్‌కు ఫోన్ చేయాలని బయటికి వెళ్ళిపోయాడు. ఓంప్రకాష్ వచ్చి పక్కన నిలబడ్డాడు. తను మూడుసార్లు చూశానని, అందులో ఏమీ లేదని చెప్పాడు.

షెడ్డులో ఒక్కటే కెమెరా పనిచేస్తోంది. అందులో ఇనుప స్తంభం, పనిముట్ల బల్ల, ఆ వెనక ఓ పాత నల్ల కారు కనిపిస్తాయి. ఆ కారును ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్టు కావడానికి అరగంట పడుతుంది కాబట్టి టీ విరామంలో కూడా ఇంజను ఆడుతూనే ఉండేదట. లిఫ్టు, లీవరు కెమెరాకు అందవు. దృశ్యానికి శబ్దం లేదు.

నాలుగూ పదకొండు దాటి నలభై సెకన్లకు రాజనర్సు స్తంభం దగ్గరికి వచ్చాడు. లిఫ్టు ఉన్న వైపు చూశాడు. అంతలోనే రెండు చేతులూ పైకెత్తి విచిత్రంగా ఊపాడు. కాసేపు ఆగి తల పట్టుకున్నాడు. మళ్ళీ చేతులు ఊపాడు. నాలుగూ పన్నెండు దాటి ముప్పై సెకన్లకు కెమెరా చూపు దాటి లిఫ్టు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"తాగి ఊగుతుండు," అన్నాడు ఓంప్రకాష్. "ఇగో ఇటు పోయిండు, పోయి లీవరు గుంజిండు. పదమూడుకు వాచ్‌మన్ వచ్చిండు. అయిపాయె."

సుభాషిణి రెండోసారి వేసింది. ఈసారి మనిషిని వదిలేసి బల్లను చూసింది. బల్ల అంచున ఎవరో తాగి పెట్టిన స్టీలు గ్లాసు ఉంది. సరిగ్గా నాలుగూ పన్నెండు దాటిన అయిదో సెకనులో అది ఒక్క ఉదుటున ఎగిరి కింద పడింది. అప్పటికి రాజనర్సు స్తంభం పక్కనే ఉన్నాడు. లీవరుకు నలభై అడుగుల దూరంలో.

ఆమె వేలు పెట్టి చూపించింది. బండి నేలకు తగిలినప్పుడు షెడ్డు అదిరి గ్లాసు పడిందని, అంటే అప్పుడు లీవరు దగ్గర ఉన్నది వేరే మనిషని చెప్పింది. ఓంప్రకాష్ ముందుకు వంగి చూశాడు. పాత పోలీసు కాబట్టి కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"ఇంజను ఆడుతుంది మేడం. బల్ల పొద్దటి నుంచి వణుకుతుంది. గ్లాసు ఎప్పుడన్న పడుతది. గ్లాసు సాక్ష్యం చెప్పిందని కోర్టుల చెప్తరా? ఆయనేమో నేనే అంటుండు."

ఆమె మూడోసారి వేసింది. ఈసారి చేతులే చూసింది.

చూడటం ఎందుకు, మొదటిసారే చదివేసింది. చదివిన సంగతి తనకు తనే ఒప్పుకోలేదు, అంతే. షెడ్డులో మాట వినపడదు కాబట్టి సాంచాల దగ్గర మనుషులు చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందంటే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే ఒక సైగ, ఆకలవుతోందంటే ఒకటి. బక్కయ్య ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు. రాజనర్సు రెండు పిడికిళ్ళు పైకెత్తి కిందికి దించాడు: సాంచా ఆపు. చూపుడువేలు అరచేతిలో గుచ్చి మూశాడు: లోపల మనిషి ఇరుక్కున్నాడు. ఆ తరవాత అరచెయ్యి మోకాలి ఎత్తున చాచి పట్టుకున్నాడు. షెడ్డులో సొంత బిడ్డను అలాగే పిలుస్తారు.

గ్లాసు పడింది. తల పట్టుకున్నాడు. ఆ తరవాతి సైగ ప్రతి రోజూ పొద్దునా సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాడు వెళ్ళేవాడికి చేసేది. అరచెయ్యి గుండెకు తాకించి, గాలిలో రెండుసార్లు తట్టి, తలుపు వైపు చూపించాడు.

నీ సాంచా ఇక నేను చూసుకుంటా, నువ్వు పో.

సుభాషిణికి కళ్ళు మసకబారాయి. పక్కన ఓంప్రకాష్ ఉన్నాడని మాస్కును కళ్ళ దాకా లాక్కుంది. కిందటి ఆగస్టులో బక్కయ్యకు కరోనా వచ్చి ఆసుపత్రిలో అద్దాల గదిలో ఉన్నాడు. ఆమె అద్దానికి ఇవతల నిలబడింది. పక్కన తనకు కేసులిచ్చే ఒక లాయరు, వాళ్ళ మామగారి కోసం వచ్చి, నిలబడి ఉన్నాడు. బక్కయ్య మంచం మీద నుంచి చెయ్యెత్తి అయిదు వేళ్ళూ నోటి దగ్గర పెట్టి తిన్నావా అని అడిగాడు. ఆయన ఏమంటున్నారని లాయరు అడిగాడు. ఏమోనండీ అని ఆమె ఫోనులోకి చూసుకుంది. మర్నాడు పొద్దున్నే బక్కయ్య పోయాడు. ఈ సంగతి ఇంతవరకు ఏ మనిషికీ చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఇప్పుడు ఈ చేతుల భాష ఫలానా అని చెప్పాలంటే, నీకెలా తెలుసని ఓంప్రకాష్ అడుగుతాడు. చెప్పకపోతే మేడ మీది ఆ కొడుకు చేసినదానికి తండ్రి జైలుకు వెళతాడు. టైము అయిదూ ముప్పై అయిదు. ఇంత లెక్క వేసుకుంటున్నందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"అందర్నీ షెడ్డులోకి పిలవండి ఓంప్రకాష్ గారూ. నిన్నటిలాగే ఇంజను ఆన్ చేయించండి. అయిదు నిమిషాల పని," అంది.

షెడ్డులో పోగైనది అయిదుగురు. వాచ్‌మన్, ఓంప్రకాష్, క్లాసు గది గుమ్మంలో స్టూలు మీద రాజనర్సు, సాక్ష్యానికని పిలిపించిన భూదేవి, శ్యాంసుందర్. భూదేవి మగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పని పోయి, ఆటో నడపడం నేర్చుకోవాలని ఈ బడిలో చేరిన నలభై ఏళ్ళ మనిషి. సుభాషిణి శ్యాంసుందర్‌ను లీవరు పక్కన నిలబడమంది. స్తంభం దగ్గర నుంచి పిలిస్తే అక్కడికి వినిపిస్తుందో లేదో చూడాలని కారణం చెప్పింది. మిగతావాళ్ళు గోడ వెంట నిలబడ్డారు. నల్ల కారు దగ్గి, మూలిగి, చివరికి అందుకుంది. షెడ్డంతా ఆ రొదతో నిండిపోయింది.

ఆమె నలభై అడుగుల అవతల స్తంభం పక్కన నిలబడింది. ఖరీదైన చీర, చేతికి గడియారం, మెడలో సన్నటి గొలుసు. చేతులు ఎత్తడానికి భుజాలు రాలేదు. అయినా రెండు పిడికిళ్ళూ తల మీదికి ఎత్తింది.

సాంచా ఆపు. లోపల మనిషి. మోకాలి ఎత్తున అరచెయ్యి.

వాచ్‌మన్ నోరు తెరుచుకుని చూశాడు. మేడమ్‌కు మతి చలించిందా అన్నట్టు ఓంప్రకాష్ షీల్డు పైకి లేపి మరీ చూశాడు. భూదేవి ముందు ఆశ్చర్యపోయి, ఆ తరవాత ఫక్కున నవ్వి, తన చేతులతోనే ఏ షెడ్డమ్మా మీది అని అడిగింది. రాజనర్సు స్టూలు మీద నుంచి లేచి, వద్దు వద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపసాగాడు.

శ్యాంసుందర్ చూడలేదు. ఆమె పిడికిళ్ళు పైకి లేచిన క్షణంలోనే అతని ముఖం పక్కకు తిరిగింది. జేబులోంచి ఫోను తీసి దాని మీద బొటనవేలు ఆడిస్తున్నాడు. ఫోను తెర నల్లగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సుభాషిణి వెళ్ళి ఇంజను ఆపించింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఈ చేతుల భాష మీకెట్ల తెలుసు?" అన్నాడు ఓంప్రకాష్.

"మా నాన్న పవర్‌లూమ్ కార్మికుడు. బమ్రోలిలో. పేరు బక్కయ్య. చెవులు వినపడేవి కావు," అంది. కెమెరాలో ఉన్న సైగలు ఒక్కొక్కటీ ఏమిటో చెప్పింది. చివరిది చెప్పేటప్పుడు ఓంప్రకాష్ షీల్డు తీసేసి చేత్తో పట్టుకున్నాడు. భూదేవి నవ్వు ఆగిపోయింది.

"సైగలు తెలియనివాళ్ళు ఎవరైనా ఏమిటా అని కళ్ళప్పగించి చూస్తారు, మీరంతా చూసినట్టు. తెలిసిన కూలీ మనిషి జవాబిస్తుంది, భూదేవి ఇచ్చినట్టు. తెలిసి, సిగ్గుపడేవాళ్ళే ముఖం తిప్పుకుంటారు. నాకు తెలుసు శ్యాంసుందర్ గారూ. నేను పాతికేళ్ళు తిప్పుకున్నాను."

శ్యాంసుందర్ తను అబిడ్స్ వాడినని మళ్ళీ మొదలుపెట్టాడు. సగంలో ఆపేశాడు. గుమ్మంలోంచి రాజనర్సు ముందుకు వచ్చి అతనికీ ఓంప్రకాష్‌కూ మధ్య నిలబడ్డాడు.

"గీ సారుకు ఏం తెల్వది. మావోడు గాడు. నేనే గుంజిన అని చెప్పిన గద," అన్నాడు, ఎవరేమన్నారో ఒక్క ముక్క వినపడకుండానే. తరవాత సుభాషిణి వైపు తిరిగాడు. ఓంప్రకాష్‌కు అర్థం కాకూడదని చేతులతోనే చెప్పాడు. పిల్లవాడు చూడలేదు. ఇంజను రొదలో నా కేక వినపడలేదు, నా చేతులు చూడలేదు. చూస్తే ఆపేవాడే. తెలియక అయినదానికి వాడి బతుకు పోవాల్నా?

ఆమె ఆ చేతుల మాట పైకి చదివి వినిపించింది. శ్యాంసుందర్‌కు వినిపించనవసరం లేదు, అతను ఈసారి తండ్రి చేతులనే చూస్తున్నాడు. ఎంతకాలం తరవాత చూస్తున్నాడో అతనికే తెలియాలి.

అతను మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. తండ్రికి ఎదురుగా వచ్చి, ముఖం తిన్నగా పెట్టి, పెదాలు స్పష్టంగా కదుపుతూ మాట్లాడాడు. అబిడ్స్ తెలుగు ఎటుపోయిందో పోయింది.

"చూసిన బాపూ. నువ్వు చేతులు లేపుడు చూసిన."

రాజనర్సు అతని పెదాల వైపే చూస్తున్నాడు.

"లింగమూర్తి సారు గూడ చాయ్‌కి పోయిండనుకున్న. లీవరు మీద చెయ్యేసిన. గప్పుడే నువ్వు చేతులు లేపినవు. మళ్ళ షురూ జేసిండు, అందరి ముందట చేతులు ఊపవట్టె అనుకున్న. ఏమంటున్నవో చూడలే. ఎప్పటిలెక్కనే మొకం దిప్పుకున్న. దిప్పుకొని లీవరు గుంజిన. తర్వాత నువ్వు పొమ్మన్నవు. గది మాత్రం చూసిన. పొమ్మంటె పోయిన."

ఓంప్రకాష్ ముప్పై ఏళ్ళ పోలీసు నౌకరీలో ఎన్నో ఒప్పుకోళ్ళు విన్నవాడు. ఫోను తీసి రికార్డింగు ఆన్ చేయబోయి చెయ్యి రాక ఆగిపోయాడు.

"అందరి ముందట అంటున్నవు," అన్నాడు మెల్లగా. "టీ టైమాయె. అందరు బయటనే ఉండిరి. గప్పుడు షెడ్డుల ఎవలున్నరు చూసెటందుకు?"

శ్యాంసుందర్ ఆ ప్రశ్నకు కూడా తండ్రి వైపు తిరిగే జవాబిచ్చాడు.

"ఎవలు లేరు సార్. మా బాపు, నేను. గంతే."

రాజనర్సు స్టూలు కోసం వెనక్కి చెయ్యి చాపాడు. భూదేవి వెళ్ళి పట్టుకుని కూర్చోబెట్టింది. గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది. ఎస్సై పది నిమిషాలు ముందే వచ్చాడు.